నడుమునొప్పి అని చెప్పి ఊరుకునే ఆడపిల్ల

అరబీ మదర్సాలో ఫిఖహ్ పఠించే విద్యార్థి మొట్టమొదట నేర్చుకునేది కితాబుత్తహారత్, అనగా పరిశుద్ధతా ప్రకరణం. వుజూ, గుసుల్, తయమ్ముమ్ తరువాత అందులో హైజ్ అధ్యాయం వస్తుంది. హనఫీ మతం ప్రకారం నెలసరి కనిష్ఠ కాలం మూడు రోజులు, గరిష్ఠ కాలం పది రోజులు, రెండు నెలసరుల నడుమ పరిశుద్ధతా కాలం కనీసం పదిహేను రోజులు. మీసం సరిగా మొలవని పిల్లలు ఈ లెక్కలన్నిటినీ బిగ్గరగా వల్లె వేస్తారు. మేమూ అలాగే చదివాము, ఇప్పుడు అలాగే చెబుతున్నాము. ఆ పిల్లవాడే సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు, చెల్లెలు రెండు రోజులుగా గోడకు నడుము ఆనించి కూర్చుని ఉంటే, ఏమైందని అడగలేడు. తల్లి "నడుమునొప్పట" అంటుంది. అంతటితో ఆ ప్రస్తావన ముగుస్తుంది.

ముసునూరు, నూజివీడు ప్రాంతపు తల్లులు ఈ విషయమై మమ్మల్ని నేరుగా అడగరు. మా ఇంటివారి ద్వారా అడిగిస్తారు. ప్రశ్నలు తరచుగా ఇవే: "మా అమ్మాయికి నెలనెలా నడుము విరిగిపోయేంత నొప్పి. ఫిజియోథెరపీకి తీసుకువెళ్ళమంటున్నారు. పరాయివారి చేత నడుము పట్టించుకోవడం ధర్మసమ్మతమేనా? అసలు దానితో తగ్గుతుందా? పెళ్ళయితే అదే పోతుందని పెద్దలు అంటున్నారు, నిజమేనా?" ధర్మసంబంధమైన సమాధానం చెప్పడం మా బాధ్యత. వైద్యసంబంధమైన సమాధానాన్ని వైద్యులను అడిగి, వారి పుస్తకాలు చూసి చెబుతున్నాము.

తెలుగులో మనం వాడే పదాలను ఒకసారి గమనించండి. బహిష్టు అంటే వెలుపల ఉన్నది అని అర్థం. ముట్టు అన్నమాటలో ముట్టరాదన్న భావమే ధ్వనిస్తుంది. అరబీ పదమైన హైజ్‌కు మూలార్థం ప్రవహించడం. అందులో నింద లేదు, వెలి లేదు. దివ్యఖుర్ఆన్ అల్ బఖరా సూరాలో దీనిని 'అదా' అని, అంటే బాధ, ఇబ్బంది అని పేర్కొన్నది. ఆ రోజులలో దాంపత్య సంబంధానికి దూరంగా ఉండమని భర్తలను ఆదేశించినది. స్త్రీని గది వెలుపలికి పంపమని చెప్పలేదు. ఆనాటి మదీనాలో నెలసరి స్త్రీతో కలిసి భుజించని ఆచారం కొందరిలో ఉండేది. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) దానిని అనుసరించలేదు. హజ్రత్ ఆయిషా (రజియల్లాహు అన్హా) నెలసరిలో ఉండగా ఆమె ఒడిలో తల ఉంచి ఖుర్ఆన్ పారాయణం చేసేవారు. ఆమె పాత్రలో పెదవి ఆనించిన చోటనే తామూ పెదవి ఆనించి త్రాగేవారు. హజ్ ప్రయాణంలో సరిఫ్ అనే చోట ఆమెకు నెలసరి వచ్చి ఏడుస్తూ ఉంటే, చూసి, తానే విషయం గ్రహించి అడిగారు. ఆదము కుమార్తెలందరికీ అల్లాహ్ నిర్ణయించిన విషయమే ఇది అని ఊరడించారు. పధ్నాలుగు శతాబ్దాల క్రితం ఎడారి మజిలీలో ఒక పురుషుడు అడిగిన ఆ ప్రశ్నను నేడు మన ఇళ్ళలో తండ్రి గానీ, అన్న గానీ అడగకపోవడాన్ని మనం హయా అని పిలుచుకుంటున్నాము. దానికి ఆ పేరు తగదని మా అభిప్రాయం.

ఇక నొప్పి సంగతి. గర్భాశయపు గోడ బలమైన కండరం. అండం విడుదలైన నెలలో గర్భం నిలవకపోతే, లోపలి పొర ఊడిపోయే సమయాన ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు అక్కడ తయారవుతాయి. వాటి ప్రేరణ వల్ల ఆ కండరం గట్టిగా ముడుచుకుంటుంది. ముడుచుకున్నప్పుడు దానికి అందే రక్తం తగ్గుతుంది. నొప్పి పుడుతుంది. ఈ రసాయనాలు ఎక్కువగా తయారయ్యే ఆడపిల్లలకు నొప్పి ఎక్కువ. కొందరిలో వాంతి, విరేచనాలు, తలనొప్పి కూడా అందువల్లనే. ఈడేరిన వెంటనే కాక, అండం క్రమంగా విడుదల కావడం మొదలైన తరువాత, అంటే సుమారు ఆరునెలలు, ఏడాది గడిచాక ఈ నొప్పి ఆరంభం కావడానికి కారణం ఇదే. "మొదట్లో బాగానే ఉండేది, ఇప్పుడే నాటకాలు" అని దెప్పే పెద్దమ్మలకు ఈ సంగతి తెలియదు.

మరి నొప్పి పుట్టేది గర్భాశయంలో అయితే నడుము ఎందుకు నొప్పెడుతుంది? గర్భాశయం నుండి వార్త తెచ్చే నరాలు, నడుము నుండి, పొత్తికడుపు నుండి, తొడల నుండి వచ్చే నరాలు వెన్నుపాములో దాదాపు ఒకే అంతస్తులలో చేరుతాయి. వార్త ఏ ఇంటి నుండి వచ్చిందో మెదడు సరిగా పోల్చుకోలేదు. నడుమే నొప్పెడుతున్నదని భావిస్తుంది. దానికి తోడు నడుము కండరాలు బిగుసుకుపోతాయి. ఆ బిగువు తానే మరొక నొప్పి అవుతుంది. కనుక ఆ పిల్ల చెప్పే నడుమునొప్పి అబద్ధం కాదు. అయితే వెన్నుపూస జారడం వల్ల గానీ, నరం తప్పడం వల్ల గానీ వచ్చినదీ కాదు. చేతితో చేసే చికిత్స ఎంతవరకు పనిచేస్తుంది, ఎక్కడ పనిచేయదు అనే ప్రశ్నకు సమాధానం ఇందులోనే ఉన్నది. బిగుసుకున్న కండరాన్ని చేయి సడలించగలదు, భయపడిన శరీరాన్ని శాంతింపజేయగలదు. గర్భాశయంలో తయారయ్యే రసాయనాన్ని అది తీసివేయలేదు.

మర్దన మనకు కొత్త విద్య కాదు. ఇబ్ను సీనా తన 'అల్ ఖానూన్ ఫిత్తిబ్'లో 'దల్క్' పేరిట మర్దన గురించి వివరించి, గట్టి మర్దన దేహాన్ని దృఢపరుస్తుందని, మెత్తని మర్దన సడలిస్తుందని వేరువేరుగా చెప్పినాడు. ఆధునిక కాలంలో 1929 ప్రాంతాన జర్మనీలో ఎలిజబెత్ డికే అనే ఫిజియోథెరపిస్టు, తన కాలికి రక్తప్రసరణ చెడి, మంచాన పడి, నడుము నొప్పికి తానే వీపు చర్మాన్ని వ్రేళ్ళతో లాగి సాగదీసుకుంటూ ఒక పద్ధతిని కనుగొన్నది. చర్మానికీ కండరానికీ నడుమ ఉండే పొరను సాగదీసే ఆ పద్ధతిని నెలసరి నొప్పికి కూడా వాడుతూ వచ్చారు. ఇటువంటి మర్దనల మీద జరిగిన పరిశోధనలు చిన్నవి, పాల్గొన్న స్త్రీలు తక్కువ. అయినా నొప్పి కొంత తగ్గినట్లే వాటిలో పలుచోట్ల కనబడింది.

వెన్నుపూసలను ఒక్కసారిగా నొక్కి 'టక్'మని శబ్దం వచ్చేటట్లు చేసే పద్ధతి వేరు. దానిని అమెరికాలో 138 మంది స్త్రీల మీద పరీక్షించి 1999లో ఫలితాలు ప్రకటించారు. ఒక వర్గానికి నిజమైన విరుపు, మరొక వర్గానికి దానిని పోలిన మెత్తని స్పర్శ మాత్రమే. రెండు వర్గాల ఉపశమనంలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. ఈ ఫలితం మాకు ఎంతో ఊరట కలిగించింది. ఎందుకంటే మన పల్లెలలో ఆడపిల్ల నడుమునొప్పి అనగానే చేసే పనులు మీకు తెలియనివి కావు. బోర్లా పడుకోబెట్టి చిన్నపిల్లవాని చేత నడుము తొక్కిస్తారు. ఎదురుకాళ్ళతో పుట్టినవారిని వెదికి పిలిపించి నడుముపై తన్నిస్తారు. నరం బెణికిందని కట్లు కట్టేవాని వద్దకు తీసుకువెళ్తారు. పదిహేనేళ్ళ పిల్ల నడుముపై ఇటువంటి ప్రయోగాలు ఏవీ అవసరం లేదు. మెత్తని చేతి కంటే విరుపులో చెప్పుకోదగిన అదనపు మేలు కనిపించనప్పుడు, ఆ చేయి తల్లిది ఎందుకు కాకూడదు?

తల్లి చేయదగినది ఇంతే. అమ్మాయిని పక్కకు తిరిగి, మోకాళ్ళు ముడిచి పడుకోమనాలి, లేదా కుర్చీలో కూర్చోబెట్టి ముందున్న దిండుపైకి వాలమనాలి. గోరువెచ్చని నువ్వులనూనె రాసి, వెన్నెముక మీద కాక, దానికి రెండు ప్రక్కల ఉన్న కండరాన్ని అరచేతి మడమతో నిదానంగా క్రిందికి రుద్దాలి. వెన్నెముక చివర త్రికోణాకారంలో చదునైన ఎముక ఉంటుంది. త్రికాస్థి అంటారు. అక్కడ అరచేయి ఆనించి, పిల్ల ఊపిరి వదిలినప్పుడల్లా కొద్దిగా బరువు మోపాలి. పది, పదిహేను నిమిషాలు చాలు. నొప్పి పెరిగినట్లు చెబితే ఆపివేయాలి. పొట్టను గట్టిగా పిసకరాదు. తరువాత కాపడం. వేడినీళ్ళ సంచి ఉంటే సరే, లేకుంటే మన అమ్మమ్మలు పెట్టినట్లు పెనం మీద వేయించిన ఉప్పును గుడ్డలో మూటకట్టి, తన ముంజేతిపై వేడి చూసుకుని పెట్టవచ్చు. పొత్తికడుపుపై నిలకడగా ఉంచిన వేడి ఐబుప్రొఫెన్ మాత్రతో సమానంగా నొప్పి తగ్గించినట్లు 2001లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. అమ్మమ్మల ఉప్పుమూటను ఎగతాళి చేసే మనవరాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మాత్రల విషయంలో మన ఇళ్ళలో అనవసర భయం ఉన్నది. మెఫినమిక్ ఆసిడ్, ఐబుప్రొఫెన్ వంటివి ప్రోస్టాగ్లాండిన్ల తయారీనే తగ్గిస్తాయి. అందుకే ఈ నొప్పికి అవి సూటిగా పనిచేస్తాయి. నొప్పి ముదిరి మెలికలు తిరిగేదాకా ఆగి వేసుకుంటే వాటి ప్రయోజనం సగం పోతుంది. వైద్యుని సలహాతో, ఏదైనా తిన్న తరువాత, నొప్పి మొదలవుతున్నప్పుడే వేసుకోవాలి. కడుపులో పుండు, ఉబ్బసం, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు ముందుగా వైద్యునికి చెప్పాలి. ఇవి వేసుకుంటే పిల్లలు పుట్టరన్న ప్రచారం నిరాధారం. పెళ్ళి మందు కాదు. కాన్పు తరువాత కొందరికి ఈ నొప్పి తగ్గే మాట నిజమే, కాని అందుకని చదువు మాన్పించి పెళ్ళి తొందరపెట్టడం ఏ వైద్యశాస్త్రంలోనూ లేదు.

ఇక వ్యాయామం. వారానికి మూడుసార్లు, ముప్పావుగంట నుండి గంట వరకు దేహాన్ని శ్రమింపజేసిన స్త్రీలలో నెలసరి నొప్పి గణనీయంగా తగ్గుతుందని 2019లో పలు పరిశోధనలను కలిపి చూసినవారు తేల్చారు. మన ఆడపిల్లలకు ఈడేరిన నాటి నుండి నడకే ఆగిపోతుంది. ఇంటి నుండి బస్సు, బస్సు నుండి బెంచీ. నూజివీడులో 2008లో వెలసిన ట్రిపుల్ ఐటీలో పదవ తరగతి ముగించి వచ్చిన పిల్లలు హాస్టలులో ఉండి చదువుతారు. పొద్దస్తమానం బల్ల ముందు కూర్చునే ఆ వయసు పిల్లకు నెలసరి రోజున నడుము పట్టేయడంలో ఆశ్చర్యమేమున్నది? ప్రొద్దున తండ్రితోనో, అన్నతోనో కలిసి మామిడితోటల బాటన నడిస్తే ఏ పరదాకూ భంగం లేదు. ఇంట్లో తలుపు వేసుకుని చేసుకోదగినవీ ఉన్నాయి. చేతులు, మోకాళ్ళపై నిలిచి వీపును ఒకసారి పైకి విల్లులా వంచి, ఒకసారి క్రిందికి దించడం, మోకాళ్ళపై కూర్చుని ముందుకు వంగి చేతులు చాచి నుదురు నేలకు ఆనించడం. రెండవది సజ్దాను పోలి ఉన్నది కదా, హైజ్‌లో చేయవచ్చునా అని ఒక బాలిక అడిగించింది. ఆచరణలు సంకల్పాలను బట్టి ఉంటాయి. నమాజు సంకల్పం లేకుండా వీపు సాగడానికి వంగితే అది వ్యాయామమే. నిస్సంకోచంగా చేయవచ్చు.

ఫిజియోథెరపిస్టు వద్దకు వెళ్ళే విషయంలో ధర్మాదేశం స్పష్టం. చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (సఅసం) స్వయంగా చెప్పారు. స్త్రీకి స్త్రీ చేత చికిత్స ఉత్తమం. ముస్లిం స్త్రీ దొరకకపోతే ముస్లిమేతర స్త్రీ అయినా సరే. ఏ స్త్రీ కూడా దొరకక, అవసరం నిజమైనదైతే, మహ్రమ్ సమక్షంలో, అవసరమైనంత మేరకే పురుష వైద్యునికి అనుమతి ఉన్నది. స్త్రీ ఎదుట కూడా బొడ్డు నుండి మోకాళ్ళ వరకు కప్పుకోవడం విధి గనుక, నడుము క్రిందిభాగాన్ని పలుచని వస్త్రం మీదుగానే నొక్కమని కోరవచ్చు. చర్మాన్ని చూడవలసిన అవసరం ఉంటే ఆ అవసరం మేరకు చూడనివ్వవచ్చు. నేడు మన జిల్లాలలో ఫిజియోథెరపీ చదివిన ఆడపిల్లలు ఉన్నారు. వారిలో మన పిల్లలు ఇంకా ఎందుకు పెరగలేదని కూడా ఆలోచించాలి. యుద్ధరంగంలో గాయపడినవారికి సేవ చేసిన సహాబియా స్త్రీల ఉదంతాలను, రుబయ్యి బిన్తె ముఅవ్విజ్ (రజి) చెప్పిన హదీసును మనం జల్సాలలో గర్వంగా వినిపిస్తాము. కూతురు ఆ కోర్సులో చేరతానంటే ఫీజుకు వెనుకాడుతాము.

అయితే ప్రతి నడుమునొప్పీ చేతికి లొంగేది కాదు. నొప్పి మూడు రోజులు దాటినా, నెలనెలా పెరుగుతున్నా, నెలసరి లేని రోజులలోనూ వస్తున్నా, మల మూత్ర విసర్జనలో నొప్పి ఉన్నా, మాత్రలకు తగ్గకపోయినా గర్భాశయపు పొర బయట పెరిగే ఎండోమెట్రియోసిస్ వంటి వ్యాధి ఉన్నదేమో స్త్రీ వైద్యురాలు చూడాలి. జ్వరం, దుర్వాసనతో కూడిన స్రావం ఉన్నా ఆలస్యం చేయరాదు. కాలు తిమ్మిరెక్కి బలం తగ్గితే, మూత్రంపై అదుపు తప్పితే అది వెన్నుకు సంబంధించిన అత్యవసరం. రక్తం విపరీతంగా పోయే పిల్లకు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15–49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మంది రక్తహీనులు. ఆశా కార్యకర్త గానీ, ఏఎన్ఎం గానీ ఇంటికి వచ్చినప్పుడు వాకిట్లోనుండే పంపివేయక, పిల్లను పిలిచి మాట్లాడనివ్వండి.

ఇంతగా ఎందుకు చెబుతున్నామంటే, పదిహేనేళ్ళ వయసులో ఎవరూ వినని నొప్పి ముప్పై ఏళ్ళ వయసులో వేరే ద్వారం గుండా బయటికి వస్తుంది. 2015–16 నాటి నాలుగవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న స్త్రీల లెక్క వేశారు. దేశం మొత్తంమీద 15–49 ఏళ్ళ స్త్రీలలో వారు 3 శాతానికి కాస్త పైన. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం, దేశంలోకెల్లా ఎక్కువ. మార్చి నుండి జూన్ దాకా మా తోటలలో బంగినపల్లి, రసాలు దిగుతాయి. పురుషులు చిక్కం కర్రలతో కోస్తారు. స్త్రీలు వంగి కాయలు ఏరి, వేరుచేసి, ట్రేలకెత్తుతారు. నెలసరి వచ్చిన రోజున కూడా వంగుతారు, లేకుంటే కూలి పోతుంది. నడుమునొప్పి, తెల్లబట్ట, అధిక రక్తస్రావం ఏదో ఒకటి చెప్పి ఆసుపత్రికి వెళ్ళిన స్త్రీకి "పిల్లలు పుట్టారు కదా, ఇక ఆ సంచి ఎందుకు, తీసివేస్తే పీడ పోతుంది" అన్న సలహా సులువుగా దొరుకుతుంది. ఇటువంటి అనవసర శస్త్రచికిత్సలపై 2013లో దాఖలైన వ్యాజ్యంలో, వాటిని అరికట్టే మార్గదర్శకాలను మూడు నెలలలోగా అమలు చేయాలని 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. గర్భసంచితో పాటు అండాశయాలను కూడా చిన్నవయసులోనే తీసివేస్తే ఎముకలు త్వరగా గుల్లబారతాయి. నడుమునొప్పి పోతుందని చేయించుకున్న ఆపరేషను వల్ల నడుము మరింత బలహీనపడిన స్త్రీలు ఉన్నారు. నిజంగా అవసరమైన శస్త్రచికిత్సను మేము వద్దనడం లేదు. రెండవ వైద్యురాలి అభిప్రాయం తీసుకోకుండా సంతకం పెట్టవద్దని మాత్రం భర్తలకు చెబుతున్నాము. ఆ కాగితంపై సంతకం పెట్టేది చాలాసార్లు వారే.

చివరిగా రంజాను సంగతి ఒకటి. నెలసరిలో ఉన్న స్త్రీకి రోజా లేదు. తరువాత ఖజా చేసుకుంటుంది. నమాజుకైతే ఖజా కూడా లేదు. ఈ మసాయిల్ ఇంటిల్లిపాదికీ తెలుసు. అయినా తండ్రికి, అన్నలకు తెలిసిపోతుందన్న సిగ్గుతో మన ఆడపిల్లలు సహరీకి లేచి తిన్నట్లు నటిస్తారు, పగలంతా మంచినీళ్ళు కూడా ముట్టరు, ఇఫ్తారు వేళ అందరితో పాటు ఖర్జూరం అందుకుంటారు. రోజా లేని రోజున ఆకలి, దప్పిక. నడుము విరిగే నొప్పి, దానిపై మాత్ర వేసుకునే వీలు లేని పస్తు. దీనికి ఏ పుణ్యమూ లేదు. తల్లి ముందురోజు రాత్రే వంటింట్లో ఒక గిన్నెలో అన్నం, ఒక చెంబులో నీళ్ళు మూతపెట్టి ఉంచి, ప్రక్కన మాత్ర పెట్టి, అమ్మాయికి చెప్పి ఉంచవచ్చు. తండ్రి ఆ రోజులలో "నీకు రోజా ఉందా?" అని పదిమందిలో అడగకుండా ఉండవచ్చు. సహరీకి ఆమెను లేపవద్దని, పడుకోనివ్వమని తానే చెప్పగలిగితే మరీ మంచిది. ఆ మాట చాలు, తన నొప్పి నాన్నకు తెలుసునని, తెలిసినా ఏమీ అనుకోలేదని ఆమెకు అర్థమవుతుంది.